తోకలేని పిట్ట

చిక్కడపల్లి మార్కెట్ మెట్ల మీద
ఎవరో పారేసిన బచ్చలాకు నన్ను పడేసింది.
సంచిలో టమాటాలు భద్రం.
విరిగింది మాత్రం
నాకు ఉందని నాకే తెలియని ఎముక.

ఎక్స్‌రే గదిలో నుస్రత్
ఫిల్ముని వెలుతురుకి ఎత్తి పట్టి
"ఇగో అమ్మా, మీ తోక" అంది.
నవ్వితే నొప్పి. అయినా నవ్వాను.

వెన్ను చివర నాలుగు చిన్న పూసలు,
వాక్యం అయిపోయాక కూడా
కంపోజిటర్ మరిచిపోయి వదిలేసిన చుక్కల్లా.

ముప్పై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను.
కొమ్ము ఎగిరిపోతే పట్టుకుంటాను.
ఒత్తు జారితే పట్టుకుంటాను.
దీన్ని మాత్రం ఎవరూ పట్టుకోలేదు:
రెండున్నర కోట్ల ఏళ్ల కిందట
ఏదో అడవిలో, ఏదో తల్లి కడుపులో
పాత ప్రతిని చూసి కొత్త ప్రతి రాస్తుంటే
అక్కర్లేని మాట ఒకటి వచ్చి మధ్యలో దూరింది.
బిడ్డ తోక లేకుండా పుట్టింది.
తల్లి తడిమి చూసుకుని ఉంటుంది,
బోర్లా తిప్పి, మళ్లీ వెల్లకిలా తిప్పి.
తరవాత పాలిచ్చి ఉంటుంది.

తప్పొప్పుల పట్టికకి ఎక్కని
ఆ అచ్చుతప్పు నుంచే మనమందరం.

మరి మాటలెందుకు మరిచిపోలేదు?
జీతం పెంచమని అడిగినప్పుడల్లా
"తోక జాడిస్తున్నావా" అనేవాడు ప్రెస్సు విఠల్‌రావు.
తోక ముడిచి నా బల్ల దగ్గరికి వచ్చేదాన్ని.
లేనిదాన్ని జాడించాను, లేనిదాన్ని ముడిచాను,
ఇన్నేళ్లూ.

మూడు వారాలు కూర్చోవద్దన్నారు డాక్టరు గారు.
కోఠీలో కొన్న గాలి దిండు
రెండో రోజే తుస్సుమంది.
ఇక నిలబడ్డాను.
బీరువా మీద కాగితాలు పెట్టుకుని
నిలబడే దిద్దాను, నిలబడే అన్నం తిన్నాను.
మడమ, మోకాలు, నడుము
ఒక్కొక్కటే లేచి పేచీ పెట్టాయి:
నాలుగు కాళ్ల మీద వేసిన వంతెనని
నిట్టనిలువుగా ఎత్తి నిలబెట్టి
ఇప్పుడు స్తంభం అంటారేమిటని.

మౌలాలి బస్సులో సీటు ఖాళీగా ఉంది.
"కూసో అమ్మా" అంది కండక్టర్.
"కూర్చోలేనమ్మా, తోక విరిగింది" అన్నాను.
ముందు సీట్లో పిల్లాడు
వంగి మరీ నా వెనకాల వెతికాడు.

తార్నాక దాటాక డ్రైవర్ బ్రేకు కొట్టాడు.
పైకడ్డీ మీద నా వేళ్లు వాటంతటవే బిగిశాయి.
ఆలోచించింది నేను కాదు.
ఆ పట్టు నాకన్నా ముసలిది.
భుజం ఊగింది, దాని వెనక ఒళ్లు ఊగింది,
కొమ్మకీ కొమ్మకీ నడుమ ఖాళీలో
ఒక్క క్షణం.
చుట్టూ చూశాను.
గాజుల చేతులు, సున్నం మరకల చేతులు,
టిఫిన్ డబ్బా తగిలించుకున్న చేతులు
అన్నీ పైకే.
అందరం వేలాడుతున్నాం.
చెట్టు కొట్టేసి చాలాకాలమైందని
మాకెవరూ చెప్పినట్టు లేదు.

మలుపులో గుట్ట కనబడింది.
చేప కూడా పుట్టకముందు నుంచీ
అక్కడే కూర్చున్న బండలు.
కూర్చోగలిగిన వాటిని చూస్తే
నాకీమధ్య కుళ్లు.

చిన్నప్పుడు విడుపు చెప్పమనేవారు:
తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది?
"ఉత్తరం" అని అరిచేదాన్ని, అందరికన్నా ముందు.
ఇప్పుడడిగితే కాస్త ఆగి చెబుతాను.
ఎండిన నదులు, ఉప్పు ఒడ్డులు,
పేరు పెట్టేవాళ్లే లేని కొండలు దాటి
చంకలో బిడ్డతో, రెండు కాళ్ల మీద
తొంభై ఆమడలకి ఎన్నో తొంభైలు నడిచింది పిట్ట.
ఉత్తరం దాని ఒంట్లోనే ఉంది.
చేతులు మారీ మారీ
అక్కడక్కడా అక్షరాలు చెడ్డాయి.
నా చేతికి ఇస్తే
ఒక్కటీ దిద్దను.

కమాన్ దగ్గర బస్సు ఆగింది.
కడ్డీ వదిలి
ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాను.
కింద బచ్చలాకు లేదు.